ఒకే ముల్లు, నాలుగు గొంతులు: పారిస్ 94.8 ఎఫ్ఎమ్

పారిస్‌లో రేడియో ముల్లును 94.8 దగ్గర నిలిపితే వినబడేది ఒకే ఒక్క యూదు రేడియో కాదు. రేడియో జె, ఆర్‌సీజే, జుదాయిక్ ఎఫ్ఎమ్, రేడియో షాలోమ్ అనే నాలుగు యూదు కేంద్రాలు ఏళ్ల తరబడి గంటల చొప్పున పంచుకున్న తరంగం అది. 1981 మే నెలలో మిత్తెరాఁ అధ్యక్షుడిగా ఎన్నికయ్యేంత వరకు ఫ్రాన్స్‌లో ప్రసారం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనే ఉండేది. ఆ ఏడాది నవంబరు 9న వచ్చిన చట్టం సంఘాలకు స్థానిక రేడియో పెట్టుకునే వీలు కల్పించింది గాని, ప్రకటనలు మాత్రం వద్దంది. 1984లో ఆ నిషేధం తొలగేదాకా చందాలు, స్వచ్ఛంద శ్రమే ఆధారం. కోరినవారు ఎక్కువ, తరంగాలు తక్కువ కావడంతో ఉమ్మడి కాపురం తప్పలేదు.

శ్రోతగా నాకు ఈ ఏర్పాటులో నచ్చినదీ, విసుగు పుట్టించినదీ ఒక్కటే: ముల్లు కదలకుండానే ఇల్లు మారిపోతుంది. అప్పటిదాకా సాగిన చర్చ ముగిసి, కొత్త సంకేత సంగీతం మోగి, వేరే గొంతు వేరే ధోరణిలో పలకరిస్తుంది. వేళల పట్టిక చేతిలో లేకపోతే ఎవరి మాట వింటున్నామో తెలియదు. రేడియో జెలో ఆదివారపు రాజకీయ ముఖాముఖి మాత్రం యూదులు కానివారు సైతం వినదగినది. ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ఫ్రెంచి బొత్తిగా రానివారికి ఈ రేడియోను సిఫారసు చేయలేను. కొద్దిగా వచ్చినవారు పాటల కార్యక్రమాలతో మొదలుపెట్టవచ్చు.