చీమల సుద్ద: వంటింటి గుమ్మానికి సరే, మందార కుండీకి వద్దు

ప్యాకెట్ మీద కంపెనీ పేరు ఏదున్నా కిరాణా కొట్లో అందరూ అడిగేది "లక్ష్మణరేఖ ఒకటివ్వండి" అనే. పేరు భలే కుదిరింది. అసలు కథలో ఆ గీత చివరిదాకా కాపాడలేదన్న సంగతి మాత్రం కొనేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

ఇందులో ఉండేది సుద్దపొడి, దాంట్లో కొద్దిగా పురుగుమందు. ప్యాకెట్ వెనక సన్న అక్షరాల్లో సైపర్‌మెత్రిన్ అనో డెల్టామెత్రిన్ అనో రాసి ఉంటుంది. రెండూ పైరెత్రాయిడ్లే, అంటే చామంతి జాతి పూలలో దొరికే మందుకు ఫ్యాక్టరీలో తయారైన చుట్టాలు. తింటేనే పనిచేస్తాయని కాదు, కాళ్లకు అంటితే చాలు, నరాలు పట్టు తప్పుతాయి. గీసిన పది నిమిషాలకు వంగి చూడండి. బారులో ముందున్న చీమ గీత దాకా వచ్చి మీసాలు తాకించి టక్కున వెనక్కి తిరుగుతుంది. పొరపాటున దాటిన చీమ నాలుగడుగులు వేసి వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంది.

దీన్నుంచి పూర్తి ఫలితం రావాలంటే గీసే ముందు పని చాలా ఉంది. చీమలు నడిచిన దారిలో వాసన వదులుతాయి, వెనక వచ్చేవి దాన్ని పట్టుకునే వస్తాయి. అందుకే ముందు సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో బారు దారంతా, గోడలో అవి దూరే సందు దాకా తుడవాలి. తర్వాత బాగా ఆరనివ్వాలి, ఎందుకంటే తడి టైల్ మీద సుద్ద పట్టదు. ఆరాక గుమ్మం అంచున, కిటికీ చట్రం కింద, చెత్తబుట్ట చుట్టూ రెండు వేళ్ల ఎడంతో రెండు గీతలు తెగకుండా గీయాలి. టైల్స్ మధ్య సందులో గీత తెగుతుంది, చీమకు ఆ సందే చాలు. మర్నాడు ఇల్లు తుడిస్తే సగం పోతుంది కాబట్టి మళ్లీ గీసుకోవాల్సిందే. వంట గట్టు మీద, డబ్బాలుండే అరలో, అన్నానికి కూర్చునే చోట అసలు గీయకండి.

ఇంతవరకు సుద్ద తన పని తాను చేసినట్టే. అసలు చిక్కు గూటి దగ్గర ఉంది. మనకు బారులో కనిపించేవి మేతకు వచ్చిన కూలీలు మాత్రమే, గుడ్లు పెట్టే రాణి గోడ లోపలో కుండీ అడుగునో ఉంటుంది. గీత దగ్గర వంద చచ్చినా రాణికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. తల నల్లగా, ఒళ్లు పాలిపోయినట్టు ఉండి, వేలితో నలిపితే కుళ్లిన కొబ్బరి వాసన వచ్చే సన్న చీమలతో ఇంకా కష్టం. వాటి గూటిలో రాణులు ఒకరికి మించి ఉంటారు. మందు దెబ్బ తగిలితే కొన్ని కూలీలను తీసుకుని వేరు కాపురం పెడతారు. సింకు దగ్గర ఉన్న బారు వారం తిరిగేసరికి బాత్రూములో కూడా కనిపించడానికి చాలాసార్లు ఇదే కారణం.

గూడే పోవాలంటే మందు చీమ చేతే లోపలికి మోయించాలి. దానికి చవకైనది బోరిక్ పౌడరు. క్యారమ్స్ బోర్డు మీద చల్లే పొడి చాలావరకు అదే, కానీ కొన్నింటిలో పిండి మాత్రమే ఉంటుంది కాబట్టి డబ్బా మీద బోరిక్ యాసిడ్ అని ఉందో లేదో చూసి కొనాలి. పావు లీటరు గోరువెచ్చని నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా బోరిక్ పౌడరు (దాదాపు 2 గ్రాములు) పూర్తిగా కరిగించాలి. మందు ఒక శాతానికి దగ్గరలో ఉంటుంది. అందరూ చేసే తప్పు ఇక్కడే: గట్టిగా పనిచేస్తుందని రెండు మూడు చెంచాలు గుమ్మరిస్తారు. అప్పుడు చీమ ముట్టదు, ముట్టినా గూటికి చేరకముందే చస్తుంది. పలచగా ఉంటేనే కడుపులో మోసుకెళ్లి నోటితో మిగతావాటికి, పిల్లలకు, రాణికి పంచుతుంది.

దూది ఉండను ఇందులో తడిపి సీసా మూతలో పెట్టి బారు పక్కన ఉంచండి. మొదటి రోజు చీమలు రెట్టింపు వస్తాయి, కంగారుపడి స్ప్రే కొట్టొద్దు. దగ్గరలో సుద్ద గీత ఉంటే తుడిచేయండి. రెండు మూడు రోజులకోసారి దూది మార్చాలి, పాకం పులిస్తే అవి రావు. గూడు చిన్నదైతే వారం, పెద్దదైతే రెండు మూడు వారాలు పడుతుంది. తీపి ముట్టకపోతే వాటికి ఆ సమయంలో నూనె, మాంసకృత్తుల మీద ధ్యాస ఉందన్నమాట. వేయించిన వేరుశెనగ ముద్దలో చిటికెడు మందు కలిపి చూడండి. బొద్దింకల జెల్ మాత్రం దీనికి వాడకండి. కొన్నింటిలో ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు 2.15 శాతం ఉంటుంది, చీమల కోసం చేసే జెల్‌లో 0.03 శాతమే.

ఇక మిద్దె తోట. కుండీ అంచున సుద్ద గీయడం శుద్ధ దండగ. నీళ్లు పోయగానే కొట్టుకుపోతుంది, పోయిన మందు మనం తినే కరివేపాకు మట్టిలోకే దిగుతుంది. బోరిక్ నీళ్లు కూడా కుండీలో పోయకూడదు, బోరాన్ ఎక్కువైతే ఆకు అంచులు మాడతాయి. మందార మొగ్గల మీదికి చీమలు ఎక్కుతున్నాయంటే ముందు ఆకు తిప్పి చూడాలి. తెల్లటి దూదిలా పిండినల్లి, లేదా లేత కొమ్మల నిండా పేనుబంక ఉంటుంది. అవి విసర్జించే తీపి బంక కోసమే చీమలు వస్తాయి, అక్షింతల పురుగులు వాటిని తినకుండా కాపలా కూడా కాస్తాయి. బంక పడ్డ ఆకుల మీద నల్లటి మసి పడుతుంది. ఆ పురుగులు పోతే చీమలకు అక్కడ పనుండదు.

ముందు నీళ్ల ధారతో కొట్టి సగం రాల్చేయండి. తర్వాత 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే మందు గాఢత) వేపనూనె 5 మి.లీ.లో పావు చెంచా గిన్నెల సబ్బు ద్రవం కలిపి, పాలలా అయ్యాక లీటరు నీళ్లు పోసి, సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైకి తేలి ఒకచోట ఎక్కువ పడి ఆకు మాడుతుంది. వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి. గూడు కుండీలోనే ఉంటే, అందులోని కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎండి పొడిబారి ఉండొచ్చు. ఆ కుండీని అంచు దాకా నీళ్లున్న తొట్టెలో అరగంట ముంచండి, గుడ్లు నోట కరుచుకుని బయటికొస్తాయి. తర్వాత పూర్తిగా నీరు కారనివ్వాలి.

మార్కులు వేయాలంటే గుమ్మం, కిటికీలకు సుద్దకు ఐదులో మూడు. గూడు పోగొట్టడానికి ఒకటి, కుండీకి సున్నా. పిల్లలకు అది బడి సుద్దలాగే కనిపిస్తుంది, పిల్లులకూ అక్వేరియం చేపలకూ ఈ మందులు చాలా ప్రమాదం. గీసి చేతులు కడుక్కుని పై అరలో దాచాలి. అమెరికాలో ఈ తరహా సుద్ద అమ్మడం చట్టవిరుద్ధం, కాబట్టి అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఆవకాయ, కందిపొడితో పాటు దీన్ని సర్దకండి.