పూతరేకుల ఆర్డర్లు, చాట్‌లోనే డబ్బులు: నాలుగేళ్లు వాడాక నా మాట

పూతరేకులు చుట్టే చెయ్యి ఫోన్ పట్టుకోలేదు. తడిగుడ్డ అద్ది మెత్తబరిచిన రేకు మీద నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, వెంటనే మడిచి చుట్టేయాలి. కాస్త ఆలస్యమైతే రేకు ఎండి చిట్లిపోతుంది. మధ్యలో ఫోన్ మోగితే మోచేత్తో జరిపి చూడడం మా ఇంట్లో అందరికీ అలవాటే. అలా ఒక్క చూపులో ఆర్డర్ ఎవరిదో, డబ్బులు పడ్డాయో లేదో తెలిసిపోవాలి. చాట్ యాప్‌లోనే డబ్బులు తీసుకోవడాన్ని నేను ఈ ఒక్క కొలతతోనే కొలుస్తున్నాను. యాప్ పేరు చెప్పను. ఆర్డర్ మాట్లాడుకున్న చోటే యూపీఐ కూడా జరిగిపోయే పద్ధతి మా బోటి చిన్న వ్యాపారానికి ఎంతవరకు పనికొచ్చిందన్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది ఆత్రేయపురం. ఇంటి ముందుగదే కొట్టు. 2021 వానాకాలంలో ఈ పద్ధతికి మారాం. అంతకుముందు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు విడివిడిగా టైపు చేసి పంపేదాన్ని. అవతలివాళ్లు ఒక అంకె తప్పు కొట్టి, "వెళ్లట్లేదమ్మా" అని ఫోన్ చేసేవాళ్లు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక బయటి ఊళ్ల ఆర్డర్లు పెరిగాయి. ఇప్పుడు మా అమ్మకాల్లో సగానికి పైగా చాట్ ద్వారానే.

మొదలుపెట్టడం మాత్రం అనుకున్నంత తేలిక కాలేదు. ఖాతాకు ముడిపడిన సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, యాప్ ఆ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపి సరిచూసుకుంటుంది. వ్యాపారం నంబరు నాది, బ్యాంకులో ఇచ్చిన నంబరేమో మా ఆయనది. ఆ సిమ్ ఆయన జేబులో, ఆయన రావులపాలెంలో. రెండు రోజులు "వెరిఫై కాలేదు" అన్న మాట చూసీ చూసీ విసుగొచ్చింది. చివరికి బ్యాంకుకి వెళ్లి, ఫారం రాసి నంబరు మార్పించుకుంటే గాని పని కాలేదు. కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు ఆ పని చూసుకోండి. ఫోన్ మార్చినప్పుడు కూడా ఒక తంటా ఉంది. మొదటి 24 గంటలు మా ఖాతా నుంచి 5,000 రూపాయలు దాటి పంపడం కుదరలేదు. సరిగ్గా ఆ రోజే నెయ్యి డబ్బాలు దిగాయి. నెయ్యి బాబాయ్ గారు మంచివారు కాబట్టి సరిపోయింది గానీ...

ఇక లాభం సంగతి.

కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దావిడ ప్రతి పండక్కీ ఆర్డర్ ఇస్తారు. టైపు చేయరు. "అమ్మాయ్, పోయినసారి లాంటివే పంపు, ఈసారి జీడిపప్పు కాస్త ఎక్కువెయ్" అని వాయిస్ పెడతారు. "పోయినసారి" అంటే ఏంటో నాకు గుర్తుండదు. చాట్‌లో పైకి జరిపితే దొరుకుతుంది: బెల్లం నాలుగు డబ్బాలు, పంచదార రెండు, డబ్బు పంపారు, ఫలానా రోజు పార్శిల్ వేశాం. అన్నీ ఒకే వరుసలో. నేను మొత్తం ఎంతో రాసి పంపుతాను, ఆవిడ అక్కడే పిన్ కొడతారు, డబ్బు అదే వరుసలో వచ్చి కూర్చుంటుంది. ఆ మనిషికీ, ఆ వస్తువుకీ, ఆ డబ్బుకీ మధ్య నేను ఏదీ కలిపి చూసుకోనక్కర్లేదు. నా మోచేతి పరీక్షలో నూటికి నూరు.

దానికి తోడు రంగు లేబుళ్లు. ఆర్డర్ వచ్చిన చాట్‌కి ఒక రంగు, డబ్బు రావాల్సినదానికి ఒకటి, వచ్చినదానికి ఇంకొకటి. సంక్రాంతి ముందు రోజుకు నలభై చాట్లు తెరిచి ఉంటాయి. డబ్బు రావాల్సిన రంగు ఒక్కటి నొక్కితే బాకీ ఉన్నవాళ్లంతా వరుసగా వస్తారు. మా అత్తగారు గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పాల లెక్క పెట్టేవారట, ఇదీ అంతే, గోడ ఫోన్‌లోకి వచ్చింది.

అయితే చాలామంది ఈ యాప్ నుంచి పంపరు. మాట్లాడేది ఇక్కడ, డబ్బు కొట్టేది వాళ్లకి అలవాటైన వేరే యూపీఐ యాప్ నుంచి. యూపీఐ ఏ యాప్ నుంచి ఏ యాప్‌కైనా వెళ్తుంది, అదే దాని గొప్ప. కానీ అలా వచ్చిన డబ్బు ఖాతాలో పడుతుంది తప్ప చాట్‌లో కనిపించదు. కనిపించేది వాళ్లు పంపే స్క్రీన్‌షాట్ మాత్రమే. నా లెక్కన పదిమందిలో ముగ్గురో నలుగురో చాట్‌లో పంపుతారు, మిగతావాళ్లంతా "పే చేశానండి" అని బొమ్మ పెట్టేవాళ్లే. అంటే నేను పైన పొగిడిన సుఖం సగం ఆర్డర్లకు కూడా దక్కదు.

అమెరికాలో ఉన్న పిల్లల ఆర్డర్లయితే ఇంకో చిక్కు. విదేశాల్లో ఉండేవాళ్లకు మన బ్యాంకులిచ్చే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలున్నవాళ్లు అక్కడి నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023లో వచ్చినా నా దగ్గర కొనేవాళ్లలో అది పెట్టుకున్నవాళ్లు లేరు. డల్లాస్ అమ్మాయి ఆర్డర్ ఇస్తుంది, విశాఖలో వాళ్ల నాన్నగారు డబ్బు కొడతారు, పార్శిల్ విజయవాడలో వాళ్ల అత్తగారింటికి వెళ్లాలి. ఖాతాలో పడిన పేరేమో ఆ పెద్దాయన ఇంటిపేరుతో ఉంటుంది. అది ఎవరి డబ్బో తేలడానికి ఒక పూట పట్టిన రోజులున్నాయి.

స్క్రీన్‌షాట్ నమ్మి నష్టపోయిన కథ కూడా చెప్పాలి. రెండేళ్ల కిందట, పెళ్లిళ్ల రోజులు. గృహప్రవేశానికని ఒకతను పదిహేను డబ్బాలు చెప్పాడు. డబ్బా 250, మొత్తం 3,750. సాయంత్రం బండి మీద వచ్చి బయటి నుంచే "పంపేశాను అక్కా, చూసుకోండి" అన్నాడు. చాట్‌లో స్క్రీన్‌షాట్ ఉంది. ఆకుపచ్చ టిక్కు, మా ఆయన పేరు, సరైన మొత్తం, ఆ రోజు తేదీ. నా చేతులు నెయ్యిలో ఉన్నాయి. ఖాతా తెరిచి చూడలేదు. బ్యాంకు ఎస్సెమ్మెస్ రాలేదని అనిపించింది గానీ, రద్దీ రోజుల్లో అది ఆలస్యమవుతుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రాత్రి లెక్క చూస్తే ఆ 3,750 లేదు. మర్నాడు కాల్ చేస్తే నంబరు పనిచేయడం లేదు. తర్వాత తీరిగ్గా ఆ బొమ్మ పెద్దది చేసి చూశాను. లావాదేవీ నంబరుకు 12 అంకెలుండాలి, అందులో పదకొండే ఉన్నాయి. ఏదో యాప్‌తో తయారుచేసిన బొమ్మ అది.

అప్పటి నుంచి మా కొట్లో నియమం ఒకటే. చాట్ ఏం చెప్పినా, ఖాతాలో కనిపించేదాకా డబ్బా తాడు కట్టేది లేదు. కొందరు చిన్నబుచ్చుకుంటారు. "మమ్మల్ని నమ్మరా" అంటారు. మీ మీద కాదండీ, ఫోన్ మీద నమ్మకం లేదు, అంటాను నవ్వుతూ.

ఇంకో రకం మోసం నాదాకా వచ్చి ఆగిపోయింది. "పొరపాటున మీకు ఎక్కువ పంపాను, వెనక్కి వేయండి" అని ఒకరు, "డబ్బు రావాలంటే ఇక్కడ పిన్ కొట్టండి" అని ఇంకొకరు. పిన్ పంపేటప్పుడే కొడతాం, తీసుకునేటప్పుడు ఎప్పుడూ కొట్టం. మా ఇంట్లో పన్నెండేళ్ల పిల్లకు కూడా ఇది నేర్పాను, నేను లేనప్పుడు ఫోన్ తీసేది అదే. డబ్బు అడుగుతూ మనిషి నుంచి మనిషికి వెళ్లే ఆ అభ్యర్థనలను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. మంచి పని. డబ్బు పోయినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. నేను ఆ 3,750కి చేయలేదు, సిగ్గేసి ఊరుకున్నాను. చేయాల్సింది.

వాళ్లకి కట్ అయి మనకి పడకపోవడం వేరు, అందులో మోసం లేదు. పండగ ముందురోజు సాయంత్రాలు ఇది మామూలే. ఇలాంటప్పుడు ఎవరి ఖాతాలో సమస్య ఉందో ఇద్దరికీ తెలియదు, ఇద్దరూ నిజమే చెబుతుంటారు. 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన గడువులున్నాయి: మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు అవతల పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, వ్యాపార ఖాతాకు పంపినదైతే అయిదు రోజుల్లో. ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే ఇచ్చుకోవాలి. ఈ మాట చాట్‌లో పెట్టడానికి ఒక సిద్ధ సమాధానం తయారుచేసుకున్నాను. పంపితే చాలు, అవతలివాళ్ల కంగారు సగం తగ్గుతుంది. తెలిసినవాళ్లయితే డబ్బు రాకపోయినా పార్శిల్ వేసేస్తాను. ఇప్పటిదాకా ఆ రకంగా ఒక్క రూపాయి పోలేదు.

లెక్కల దగ్గర మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. చాట్లు విడివిడిగా బాగుంటాయి. నెలాఖరుకి అన్నీ కలిపి ఎంత వచ్చింది, బెల్లం డబ్బాలెన్ని, పంచదారవెన్ని అంటే యాప్ దగ్గర జవాబు లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని పేరు పేరునా చాట్ వెతుక్కోవాలి. దీనికి నేనొక ఉపాయం పన్నాను. ప్రతి ఆర్డర్‌కీ "పూ 47" అని నంబరిచ్చి, డబ్బు పంపేటప్పుడు నోట్‌లో ఆ నంబరు రాయమని అడిగాను. కొందరు రాస్తారు. మిగతావాళ్లు "స్వీట్స్", "సంక్రాంతి శుభాకాంక్షలు", "ఫర్ అమ్మ" అని రాస్తారు. ఒకాయన ప్రతిసారీ "అప్పు" అని రాస్తాడు. ఆయన నాకు ఎప్పుడూ అప్పు లేడు. అందుకే ఇప్పటికీ ఎర్ర అట్ట ఖాతా పుస్తకం పక్కనే ఉంటుంది, రాత్రి దీపం పెట్టాక అందులోకి ఎక్కిస్తాను.

ఇంటి ఖాతా, కొట్టు ఖాతా ఒకటే చేయకండి. మొదటి రెండేళ్లు నేను ఆ తప్పు చేశాను. పిల్ల స్కూలు ఫీజు, గ్యాసు, నెయ్యి, పూతరేకులు అన్నీ ఒకే స్టేట్‌మెంటులో కలిసిపోయి ఆడిటర్ గారు తల పట్టుకున్నారు. పన్ను గురించి ఆయన చెప్పిన రెండు మాటలు చాలామందికి పనికొస్తాయి. ఒకటి, మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ అనుకుని నిశ్చింతగా ఉంటాం. కానీ హైదరాబాదుకీ బెంగళూరుకీ పంపితే అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే, ఆ పరిమితి మనకి వర్తించదు. నేను అప్పుడే రిజిస్ట్రేషన్ తీసుకున్నాను. రెండు, ఆదాయపు పన్నుకి చిన్న వ్యాపారులు అంచనా లాభం చూపించేటప్పుడు నగదు అమ్మకంపై 8 శాతం, డిజిటల్‌గా వచ్చినదానిపై 6 శాతం చూపిస్తే చాలు. 2025లో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు జీఎస్టీ నోటీసులు వెళ్లినప్పుడు మా వీధిలో ఇద్దరు క్యూఆర్ కోడు గోడ మీంచి పీకేశారు. నెల తిరక్కుండా మళ్లీ అంటించారు, ఎందుకంటే చేతిలో నోట్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఇప్పుడెవరున్నారు?

కొట్టుకి వచ్చి కొనేవాళ్లకి చాట్‌తో పనిలేదు. వాళ్లకి గోడ మీది క్యూఆర్, దాని పక్కన అద్దెకు తీసుకున్న చిన్న స్పీకరు. "రెండు వందల యాభై రూపాయలు అందాయి" అని అది తెలుగులో అరుస్తుంది. నెయ్యి చేతులకు అంతకంటే సుఖం లేదు. యూపీఐ మీద మర్చంట్ ఛార్జీ 2020 జనవరి నుంచి లేదు కాబట్టి నెల అద్దె తప్ప ఖర్చు కూడా లేదు. దూరపు ఆర్డర్లకు చాట్, గుమ్మం దగ్గర స్పీకరు: ఇదీ మా పంపకం.

రేకులు తీసే అత్తకు మాత్రం ఈ రెండూ పనికిరాలేదు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ. రోజుకు కొన్ని వందల రేకులు తీస్తుంది. మాకు వందల లెక్కన అమ్ముతుంది. తన దగ్గర బటన్ల ఫోనే. ఒకసారి నోట్లు లేక, ఆమె కొడుకు నంబరుకి చాట్‌లో పంపాను. రెండు టిక్కులు పడ్డాయి, డబ్బు వెళ్లింది, నా వైపు అంతా సవ్యంగానే ఉంది. వారం తర్వాత అత్త గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, పోయినవారం రేకుల డబ్బులు మర్చిపోయావా?" అంది. కొడుకు చెప్పనే లేదు. నేను ఫోన్ తీసి చూపించబోయాను. ఆమె దాని వైపు కూడా చూడలేదు, "వాడికిచ్చినది నాకిచ్చినట్టు కాదమ్మా" అంది. మళ్లీ ఇచ్చాను.

అప్పటి నుంచి ప్రతి శనివారం మా ఆయన రావులపాలెం ఏటీఎంకి వెళ్లి వందనోట్లు తెస్తారు.