ఇటాలియన్ పేర్ల అర్థాలు చెప్పే యాప్: ఏడాది వాడిన తర్వాత

నరసాపురంలో లేసు అల్లికలు ఎగుమతి చేసే కార్యాలయంలో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే పని నాది. ఇటలీ నుంచి ఆర్డరు పంపే ఆండ్రియా గారిని స్త్రీ అనుకుని ఆరు నెలలపాటు ‘మేడమ్’ అని సంబోధించాను. ఫోనులో గొంతు విన్నాక గానీ ఆయన పురుషుడని తెలియలేదు. అలాంటి పొరపాటు మళ్లీ జరగకూడదనే ఈ యాప్‌కు చందా కట్టాను. ఆ పేరు పురుషుడు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చిందని, ఇటలీలో ప్రధానంగా మగవారికే పెడతారని ఇందులో స్పష్టంగా ఉంది.

ఇంటిపేర్ల విభాగమే దీనికి ప్రాణం. ఫెరారి అంటే కమ్మరి, రొస్సి అంటే ఎర్రని జుట్టో ఛాయో ఉన్నవారు, డి స్టెఫానో అంటే స్టెఫానో బిడ్డ. మనకు ఊరి పేరుతో కాకరపర్తి వారు ఉన్నట్టే అక్కడ మెస్సినా నగరం పేరుతో మెస్సినా వారున్నారు. 1563లో ముగిసిన కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ తర్వాత చర్చిలు బాప్తిస్మాలను, పెళ్లిళ్లను పుస్తకాల్లో నమోదు చేయడంతో ఈ పేర్లు తరతరాలకూ స్థిరపడ్డాయని కారణం కూడా చెబుతుంది.

ఎస్పోసిటో పేజీని మాత్రం నేను మరచిపోలేను. లాటిన్‌లో దానికి ‘బయట వదిలిన’ అని అర్థం. నేపుల్స్‌లోని అనున్‌జియాటా అనాథ శిశువుల ఆశ్రమం గోడలో తిరిగే చక్రం ఉండేది. శిశువును అందులో ఉంచి తిప్పితే లోపలివారు అందుకునేవారు. అలా చేరిన బిడ్డలకు పెట్టిన ఇంటిపేరు అది. 1875లో చక్రాన్ని మూసేశారు, పేరు నిలిచింది. మర్నాడు అదే ఇంటిపేరున్న ఖాతాదారుకు బిల్లు రాస్తూ ఆ అక్షరాల దగ్గరే కాసేపు ఆగిపోయాను.

ఉచ్చారణ వినిపించే ఏర్పాటు కూడా మెచ్చదగినది. చియారా అని మేము చదివే పేరు కియారా అని, ప్రకాశవంతమైన, స్వచ్ఛమైన అనే అర్థం గలదని తెలిసింది. యాప్‌లో తెలుగు లిపి లేకపోవడం లోటే. అయినా ఇటాలియన్ ద్విత్వాలు మన ఒత్తులకు చక్కగా ఒదుగుతాయి కనుక, అల్లేవారికి ఇచ్చే చీటీల మీద జొవాన్ని అని విన్నది విన్నట్టే రాసుకుంటున్నాము.

అసలు లోపం వర్తమానం విషయంలో ఉంది. పెళ్లయిన స్త్రీ ఇంటిపేరు గురించి ఇందులో ఒక్క వాక్యమైనా లేదు. మన పద్ధతే అనుకుని ఒక కొనుగోలుదారు పత్రాలను ఆమె భర్త ఇంటిపేరుతో సిద్ధం చేస్తే, సరుకు బయలుదేరే ముందు అన్నీ తిరగరాయవలసి వచ్చింది. 1975 నాటి కుటుంబ చట్ట సంస్కరణ ప్రకారం అక్కడ భార్య పుట్టింటి ఇంటిపేరు ఆమెకే ఉంటుంది. 2022లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో, తల్లిదండ్రులు వేరుగా అంగీకరించకపోతే, బిడ్డలకు ఇద్దరి ఇంటిపేర్లూ వస్తున్నాయి. ఇవి చేర్చమని సంస్థకు రాశాను, జవాబు రాలేదు.

చందా మళ్లీ కట్టాను. వివాహిత స్త్రీల పత్రాలు మాత్రం వారినే అడిగి రాస్తున్నాను.