మనిషి × కంప్యూటర్, మనిషి × మనిషి: ఏ చెస్ చూడాలి?

1996లో ఫిలడెల్ఫియాలో ప్రపంచ చెస్ చాంపియన్ కాస్పరోవ్ 4–2తో ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూను ఓడించాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో కథ తిరగబడింది. 3.5–2.5తో యంత్రం గెలిచింది, ఆఖరి గేమ్ 19 ఎత్తుల్లోనే ముగిసింది. సెకనుకు ఇరవై కోట్ల స్థితులు లెక్కగట్టే పెట్టెతో మనిషి తలపడుతుంటే చెస్ రానివాళ్లూ చూశారు. ఎవరు గెలుస్తారో తెలియకపోవడమే అందులో అసలు మజా.

ఆ మజా ఎక్కువకాలం నిలవలేదు. 2006లో జర్మనీలోని బాన్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రామ్‌తో ఆడుతూ, ఒకే ఎత్తులో తన రాజును కట్టేసే మేట్‌ను చూసుకోలేదు, 2–4తో ఓడాడు. ఇప్పుడైతే ఫోన్‌లోని చెస్ ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) కూడా ప్రపంచ చాంపియన్‌ను ఓడిస్తుంది. ఫలితం ముందే తెలిసిన పోటీ ఎవరికి కావాలి?

మనుషుల మ్యాచ్ అలా కాదు. 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ కోసం గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్ ఆడిన 14వ గేమ్ డ్రా వైపే సాగింది. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ను (ఏనుగును) తప్పు గడిలోకి జరిపాడు. స్క్రీన్ పక్కన ఎవరిది పైచేయో చూపే ఇంజిన్ బార్ నల్లరంగు వైపు, అంటే గుకేశ్ వైపు దూకింది, చూసేవాళ్లందరికీ తెలిసిపోయింది. గుకేశ్‌కు అర్థమైందా లేదా అన్నదే టెన్షన్. అర్థమైంది!

నా ఓటు రెండోదానికే. కంప్యూటర్ అందులోనూ ఉంది, కాకపోతే ప్రేక్షకుల గ్యాలరీలో.