పీటర్ ఔటా, ఫిజిల్ ఔటా?

ఇంగ్లీషులో 'పీటర్ ఔట్' (peter out), 'ఫిజిల్ ఔట్' (fizzle out) అనే మాటలు రెండూ ఆగిపోవడం గురించే అయినా, ఒకదాని చోట ఇంకొకటి పెడితే వాక్యం తీరే మారిపోతుంది. 'పీటర్ ఔట్'లో మెల్లగా సన్నబడటం ఉంది. 19వ శతాబ్దం మధ్యలో అమెరికా గనుల్లో వాడుకలోకి వచ్చిన మాట ఇది. ఖనిజపు పొర తవ్వేకొద్దీ పలచబడి చివరికి కనబడకుండా పోతే అలా అనేవాళ్లు. అందుకే అడవిలో కాలిబాట గడ్డిలో కలిసిపోతే 'ద పాత్ పీటర్డ్ ఔట్' అనడం చక్కగా అతుకుతుంది. అక్కడ 'ఫిజిల్డ్ ఔట్' అంటే నవ్వొస్తుంది. దారి ఎవరినీ ఊరించలేదు కదా!

'ఫిజిల్ ఔట్'కి ముందు కాస్త హడావుడి ఉండాలి. తడిసిన టపాసులా బుస్సుమని చల్లారిపోవడం అన్నమాట. ఆర్భాటంగా మొదలైన ప్రచారం, ప్రేమ వ్యవహారం దీనికి సరిపోతాయి. అణుపరీక్షలో పేలుడు అనుకున్నంత శక్తి ఇవ్వకపోయినా నిపుణులు 'ఫిజిల్' అనే అంటారు.

వాన, చప్పట్లు, సంభాషణ లాంటివాటికి నేనైతే పీటర్ ఔట్ వైపే మొగ్గుతాను. ఉద్యమానికి రెండూ నప్పుతాయి. జనం రోజురోజుకీ తగ్గారని చెప్పాలా, ఆశపెట్టి తుస్సుమందని చెప్పాలా అన్నదే తేడా. ఏది వాడినా కర్మణి ప్రయోగం జోలికి మాత్రం వెళ్లకండి. 'వాజ్ పీటర్డ్ ఔట్' అనకూడదు.