ప్రపంచకప్ ముందు రూర్కెలాలో మూడు రోజులు

దక్షిణ ఒడిశాలోని మా రాయగడ నుంచి ఉత్తరాన ఉన్న రూర్కెలా వెళ్లాలంటే మాకు అలవాటు బొకారో ఎక్స్‌ప్రెస్సే. అలెప్పీ నుంచి ధన్‌బాద్ వెళ్లే బండి అది, మావైపు అందరూ బొకారో అనే అంటారు. 2022 డిసెంబరు ఆఖరి వారంలో నేను, మా ఆవిడ, పదమూడేళ్ల మా అబ్బాయి ఆ బండెక్కాం. హాకీ ప్రపంచకప్ మొదలవడానికి ఇంకా పక్షం రోజుల పైనే ఉంది. మావాడు స్కూల్లో కర్ర పట్టి ఏడాదైంది. మ్యాచ్‌కి ఎలాగూ తీసుకెళ్లలేనన్నావు, కట్టే స్టేడియమైనా చూపించమని ఒకటే పట్టు.

అక్కడ మా చిన్నాన్న ఉన్నారు, స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. పిన్నికి మోకాలి ఆపరేషన్ అయి నెలే అయింది, ఆమెను శ్రమపెట్టడం ఎందుకని స్టేషన్ దగ్గర ఒక లాడ్జికి ఫోన్ చేసి గది చెప్పుకున్నాను. తొమ్మిది వందలన్నారు. మేం దిగేసరికి అర్ధరాత్రి దాటింది, చలి ఎముకలు కొరుకుతోంది. కౌంటర్లో మనిషి రిజిస్టరైనా తెరవకుండానే, ప్రపంచకప్ పనుల మీద వచ్చినవాళ్లకి గదులన్నీ ఇచ్చేశామన్నాడు. కాసేపు బతిమాలించుకుని, పద్దెనిమిది వందలైతే పైఅంతస్తులో ఒకటుందన్నాడు. పిల్లాడు నిలబడే నిద్రపోతున్నాడు. ఇచ్చాను. పొద్దున్న వేన్నీళ్ల బకెట్‌కి వేరే డబ్బు. ఊరంతా అతిథుల కోసం ముస్తాబవుతుంటే, రాష్ట్రంలోని వేరే జిల్లాల నుంచి వచ్చే మాబోటివాళ్లం కూడా అతిథులమేనని ఎవరికీ తోచలేదా అని ఆ రాత్రి చాలా బాధపడ్డాను. అక్కడ పెద్ద మ్యాచ్‌లున్న రోజుల్లో వెళ్లేవాళ్లు నోటిమాట మీద వెళ్లకండి. అడ్వాన్సు కట్టి, గది ఖాయమని ఫోన్‌లో మెసేజ్ పెట్టించుకుని బయల్దేరండి.

తెల్లారగానే చిన్నాన్న స్కూటర్ మీద వచ్చారు. "ఇల్లుండగా లాడ్జేంట్రా? మీ పిన్ని రాత్రంతా తిడుతూనే ఉంది" అంటూ బ్యాగు లాక్కుని ముందు పెట్టుకున్నారు. దార్లో బండి దగ్గర బరా అనే గారెలు, ఘుగుని అనే కూర తినిపించారు. వేడివేడి శనగల ఘుగుని, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు. మూడు రోజుల్లో తిన్నవాటిలో నాకు గుర్తున్నది అదే.

స్టేడియం ఊరికి ఛెండ్ వైపు, బిజూ పట్నాయక్ సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. స్టేషన్ దగ్గర దిగితే రైలుకి సుఖమేగాని స్టేడియానికి దూరం. షేర్ ఆటోలు దొరుకుతాయి. అప్పుడు రోడ్ల పనుల వల్ల దుమ్ము, ట్రాఫిక్ మళ్లింపులు ఉండి ప్రతిసారీ ఆలస్యమయ్యేది.

దార్లో ఒక గోడ దగ్గర మావాడు ఆగిపోయాడు. ఒకమ్మాయి నిచ్చెన మీద నిలబడి బొమ్మ వేస్తోంది, కాళ్లకి చెప్పుల్లేకుండా హాకీ కర్రతో పరిగెత్తే పిల్ల బొమ్మ. వీడు కిందనుంచి ఒడియాలో, "అక్కా, చేతులు తిరగబడ్డాయి, ఎడమచెయ్యి పైన ఉండాలి" అన్నాడు. నేను గాభరాపడి ఊరుకోరా అన్నాను. ఆ అమ్మాయి కోప్పడలేదు. కిందికి దిగి, చేతిలోని పెద్ద బ్రష్షు వాడికిచ్చి పట్టి చూపించమంది. వాడు చివర ఎడమచెయ్యి, కాస్త కిందగా కుడిచెయ్యి పెట్టి వంగి నిలబడ్డాడు. ఆమె చాలాసేపు చూసి, తెల్లరంగు తీసుకుని బొమ్మ చేతులు చెరిపేసి మళ్లీ గీసింది.

స్టేడియం లోపలికి పోనివ్వలేదు, పనులు ఇంకా సాగుతున్నాయి. గేటు సందులోంచి నీలం టర్ఫ్ ముక్కంత కనపడింది, వరసగా కుర్చీలు. 2021 ఫిబ్రవరిలో శంకుస్థాపన, 2023 జనవరి 5న ప్రారంభం. ఇరవై వేల పైచిలుకు కుర్చీలు. పక్కనే ఆటగాళ్లకి, అధికారులకి 225 గదుల వసతి. స్టేడియానికి బ్రిటిష్‌వాళ్ల మీద పోరాడిన గిరిజన వీరుడు బిర్సా ముండా పేరు పెట్టడం నాకెంతో నచ్చింది, ఆ నేలకి అంతకంటే తగిన పేరు లేదు.

2018 కప్పంతా భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే జరిగింది. ఈసారి 44 మ్యాచ్‌లలో 20 ఇక్కడికెందుకు ఇచ్చారని చిన్నాన్నని అడిగాను. "ఆటగాళ్లు పుట్టిన చోటికి కప్పు రావద్దా?" అన్నారు. రూర్కెలా ఉన్న సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో పండగ వచ్చిందంటే ఖస్సీ టోర్నమెంట్లని హాకీ పోటీలు పెడతారు, గెలిచిన జట్టుకి బహుమతి మేకపోతు. చిన్నాన్న డ్యూటీ దిగి సైకిల్ మీద అవి చూడ్డానికి వెళ్లేవారట. వెదురు కొమ్మ వంచి కర్ర చేసుకుని ఆడే పిల్లల్ని చూశానన్నారు. భారత జట్టుకి ఆడిన దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఇద్దరిదీ ఈ జిల్లాలోని సౌనామరా ఊరే. రూర్కెలాలోని పాన్‌పోష్ స్పోర్ట్స్ హాస్టల్ ఎందరో ఆటగాళ్లని తయారుచేసింది. ఇలాంటి హాస్టల్ మా రాయగడ, కోరాపుట్ పిల్లలకి దగ్గర్లో ఉంటే ఎంత బాగుండేదోనని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

మిగతా ఊరు చకచకా చూశాం. హనుమాన్ వాటికలో విగ్రహం 75 అడుగులకి రవ్వంత తక్కువ, పిల్లలకి బాగుంటుంది. నాకు మాత్రం వేదవ్యాస్ నచ్చింది. శంఖ, కోయెల్ నదులు కలిసి బ్రాహ్మణిగా మారే చోటు. సాయంత్రం పూట వెళ్లండి, కనీసం గంటసేపు కూర్చోండి. జర్మన్ల సాయంతో కట్టిన ప్లాంటుని బయటనుంచే చూశాం. చివరికి ఆ కప్పు కూడా జర్మనీకే పోయింది.

జనవరిలో భువనేశ్వర్ నుంచి రూర్కెలాకి విమానం మొదలైంది. సంతోషమే. మాకు భువనేశ్వర్ చేరడమే హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం. దక్షిణ ఒడిశా నుంచి ఆ రోజుల్లో ఒక్క ప్రత్యేక రైలు నడిపినా ఎన్నో కుటుంబాలు వెళ్లేవి.

జనవరి 13న భారత్, స్పెయిన్ మ్యాచ్ ఇంట్లో టీవీలో చూశాం. తొలి గోల్ అమిత్ రోహిదాస్‌ది. రెండు సున్నాతో గెలిచాం. ఆ తర్వాత ప్రో లీగ్, హాకీ ఇండియా లీగ్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. మళ్లీ మ్యాచ్‌లు పడితే తిన్నగా చిన్నాన్న ఇంటికే వెళ్తాం, పిన్ని ఇప్పుడు చక్కగా నడుస్తోంది. మావాడు మాత్రం ముందు ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లమంటున్నాడు.