బుడితి ఇత్తడి కొలిమికి పొరల సిరామిక్ లైనింగు: ఎనిమిది నెలల వాడకం తర్వాత

శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితిలో మా బావగారికి చిన్న ఇత్తడి, కంచు పోత పని ఉంది. నేను నరసన్నపేటలో జూనియర్ కళాశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను కనుక, కొలిమికి ఏదైనా కొత్త సరుకు కొనవలసి వచ్చినప్పుడు దాని కరపత్రం ముందు నా చేతికి వస్తుంది. మొన్న సంక్రాంతి వెళ్ళాక పాత కొలిమి తీసేసి, మూడు పొరల సిరామిక్ లైనింగు ఉన్న గ్యాసు కొలిమి ఒకటి తెప్పించాము. రవాణాతో కలిపి 38,000 రూపాయలు అయింది. ఎనిమిది నెలలుగా వారానికి నాలుగైదు రోజులు వెలిగిస్తున్నాము కాబట్టి దీని మంచిచెడ్డలు ఇప్పుడు కొంత ధైర్యంగా చెప్పగలను. అమ్మినవారి పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపాలు వారొక్కరివే అని నాకు అనిపించలేదు.

పాత కొలిమి కట్టుబడి మన ప్రాంతంలో పోత పని చేసేవారందరికీ తెలిసినదే. ఇనుప డ్రమ్ము లోపల ఫైర్ బ్రిక్కులు ఒక వరస గుండ్రంగా పేర్చి, సందులు ఫైర్‌క్లేతో పూడ్చేవారు. ఆ ఇటుక బరువైనది, దెబ్బకు నిలుస్తుంది, కానీ వేడిని ఆపదు, పైగా బోలెడంత వేడిని తానే తాగేస్తుంది. ఉదయం మొదటి మూస, అంటే లోహం కరిగించే కుండలోని సరుకు, కరగడానికి పట్టే సమయంలో సగానికి పైగా ఇటుకను కాల్చడానికే పోయేది. సాయంత్రం మంట ఆపేశాక ఆ వేడి అంతా రాత్రి పొడుగునా షెడ్డులోకి వదిలేసేది. మధ్యాహ్నం వేళ డ్రమ్ము మీద నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేది.

కొత్త కొలిమిలో మంటకు ఎదురుగా 50 మిల్లీమీటర్ల మందాన కాస్టబుల్, అంటే అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) ఎక్కువగా ఉన్న సిమెంటుతో సిరామిక్ కంకరను కలిపి పోతపోసిన గట్టి పొర ఉంటుంది. దాని వెనుక 25 మిల్లీమీటర్ల సిరామిక్ ఫైబర్ బ్లాంకెట్ మూడు చుట్లు వస్తుంది. అన్నిటికీ బయట ఉక్కు రేకు. కరపత్రంలో మూడు పొరలంటే ఇవే. గట్టి పొర మంట తాకిడినీ మూస రాపిడినీ తట్టుకుంటుంది, దూదిలాంటి పొర తన పోగుల మధ్య చిక్కిన గాలితో వేడిని నిలవేస్తుంది, రేకు రెంటినీ కలిపి పట్టి ఉంచుతుంది. సూత్రం కొత్తది కాదు, పెద్ద పరిశ్రమల బట్టీలలో ఎప్పటి నుంచో ఉన్నదే. పది కిలోల మూస పట్టే చిన్న కొలిమికి దీన్ని అమర్చి అమ్మడమే మాకు కొత్త.

వేడిని ఆపే విషయంలో ఈ సరుకు మాట నిలబెట్టుకుంది. కళాశాల ప్రయోగశాల నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఉష్ణమాపకం తీసుకెళ్ళి కొలిచాను. మెరిసే రేకు మీద ఆ పరికరం తక్కువ చూపిస్తుంది కాబట్టి ముందుగా అరచేయంత మేర నల్లరంగు పూసి, ఆ మచ్చ మీదనే చూశాను. మూడు గంటలు ఆగకుండా నడిచిన తర్వాత, లోపల సుమారు 1000 డిగ్రీలు ఉండగా, బయట 115 డిగ్రీలు వచ్చింది. పాత డ్రమ్ము మీద ఇదే పద్ధతిలో అంతకుముందు చూసినప్పుడు 250 దాటింది. గోడ మందాలను బట్టి నేను వేసుకున్న లెక్క ప్రకారం గోడ గుండా బయటకు పోయే వేడి పాతదానిలో నాలుగో వంతుకు పడిపోయింది. బావగారికి ఈ లెక్కలతో పనిలేదు. మొదటి రోజు మధ్యాహ్నం కొలిమి పక్కనే పీట వేసుకుని కూర్చుని, భుజం మీది తువ్వాలు ముఖానికి తగిలించి చూసుకుని, "ఏటిది బావా, కొలిమి పక్కన కూకుంటే సెమటే పట్టట్నేదు" అన్నారు. నా దృష్టిలో ఈ సరుకుకు దక్కిన అతి పెద్ద యోగ్యతాపత్రం అదే.

గ్యాసు ఆదా విషయంలో మాత్రం కరపత్రం అతిశయోక్తి చెప్పింది. ఖర్చు సగానికి తగ్గుతుందని అందులో ఉంది. మాకు 19 కిలోల సిలిండరుకు ఇదివరకు పన్నెండు మూసలు కరిగేవి, ఇప్పుడు పదహారు కరుగుతున్నాయి. అంటే ఒక్కో మూసకు అయ్యే గ్యాసు పావు వంతు తగ్గింది. గోడ నష్టం అంత తగ్గినా ఆదా ఇంతే ఎందుకని అడగవచ్చు. ఇలాంటి కొలిమిలో వేడి ప్రధానంగా పోయేది గోడ గుండా కాదు, మూత మధ్యలోని రంధ్రం గుండా ఎగిరిపోయే వేడి వాయువులతో. ఎంత మంచి లైనింగైనా ఆ దారిని మూయలేదు. అయినా మొదటి మూస 50 నిమిషాలకు బదులు 35 నిమిషాలలోనే కరగడం మాలాగా ఉదయం వెలిగించి సాయంత్రం ఆర్పేసేవారికి గట్టి లాభమే. రాత్రింబవళ్ళు ఆరని కొలిమి ఉన్నవారికి ఈ లాభం అంతగా తెలియకపోవచ్చు.

ఇక పగుళ్ళ సంగతి. కొలిమి వచ్చిన రోజున దానితో పాటు ఒక్క కాగితం ముక్క కూడా రాలేదు. కాస్టబుల్ అనేది సిమెంటు జాతి కాబట్టి అందులో తేమ రెండు విధాలుగా ఉంటుంది: రంధ్రాలలో నిలిచిన నీరు, సిమెంటుతో కలిసి గట్టిపడిన నీరు. మొదటిది నూరు డిగ్రీలు దాటగానే ఆవిరవుతుంది, రెండోది అంతకు చాలా పై ఉష్ణోగ్రతల దాకా కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే కొత్త లైనింగును 110 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు నిలిపి, ఆ తర్వాత మెల్లగా ఎక్కించాలి. అమ్మినవారిని ఫోనులో అడిగితే "అంతా ఆరబెట్టే పంపాము, వెలిగించేయండి" అన్నారు. వెలిగించిన ఇరవై నిమిషాలకు లోపల టప్పుమని చప్పుడైంది. వెంటనే మంట ఆపి, చల్లారాక చూస్తే బర్నరుకు ఎదురుగా రూపాయి బిళ్ళంత పెచ్చు ఒకటి ఊడి అడుగున పడి ఉంది. ఆవిరికి దారి దొరకక లోపలి నుంచి తన్నేసిందన్నమాట. ఆ తర్వాత రెండు రోజుల పాటు సన్నని మంట మీద ఆరబెట్టాము. ఆ పని మొదటే చేసి ఉండవలసింది, ఆ మాట విని నమ్మడం నా తప్పు కూడా.

రెండో లోపం నాలుగు నెలల తర్వాత బయటపడింది. గట్టి పొర జారిపోకుండా ఉక్కు రేకుకు వై ఆకారపు స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు అతికి, వాటిని కాస్టబుల్‌లో పాతిపెడతారు. స్టెయిన్‌లెస్ స్టీలు వేడికి సిరామిక్కు కంటే రెండు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. కాబట్టి పోత పోసే ముందు ఆ కొక్కేల కొనలకు ప్లాస్టిక్ టోపీ గాని, మైనం పూత గాని పెడితే, అది కాలిపోయి కొక్కెం సాగడానికి కాస్త చోటు మిగులుతుంది. మా కొలిమిలో ఆ చోటు లేదు. మూడు కొక్కేల దగ్గర నక్షత్రంలా నాలుగు వైపులా బీటలు వచ్చి, వాటిలో రెండు బీటలు ఒకదానితో ఒకటి కలిశాయి. చిన్న అద్దం లోపల పట్టి టార్చిలైటు వేసి చూస్తే, పగులు ఒకే తిన్నని గీతలా మందమంతా చీల్చుకుని వెనుకనున్న తెల్లని ఫైబరు దాకా పోయింది.

కరపత్రం మీద నాకున్న ముఖ్యమైన అభ్యంతరం దీనితోనే ముడిపడి ఉంది. "పరిశోధనాశాలల్లోని పొరల సిరామిక్ సాంకేతికత ఇప్పుడు మీ కొలిమిలో" అని అందులో పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. ఆ పొరలు వేరు, ఈ పొరలు వేరు. ఈ కొలిమిలోని పొరలు అంగుళాల మందం ఉన్నవి, వాటి పని వేడిని ఆపడం. పరిశోధనలలోని పొరలు కంటికి ఆనీ ఆననంత పలచనివి, వాటి పని పగులును ఆపడం. మాలాంటి కొలిమి పాడయ్యేది వేడి బయటకు పోవడం వల్ల కాదు, పగుళ్ళ వల్ల. కాబట్టి ఈ తేడా మాకు చిన్నదేమీ కాదు.

కళింగపట్నం ఇసుకలో దొరికే ఆల్చిప్పను విరవడానికి ప్రయత్నించినవారికి రెండో రకం పొర అంటే ఏమిటో సులభంగా అర్థమవుతుంది. ముత్యపు మెరుపు ఉన్న లోపలి భాగంలో నూటికి తొంభై అయిదు పాళ్ళు సుద్దముక్క జాతి ఖనిజమే. కానీ అది మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగం మందం ఉన్న పలకలుగా పేర్చి ఉంటుంది, పలకల మధ్య మాంసకృత్తుల జిగురు ఉంటుంది. పగులు ఒక పలకను దాటి ముందుకు పోబోతే జిగురు దగ్గర పక్కకు తిరిగి దారితప్పుతుంది. అలా మెలికలు తిరిగిన కొద్దీ దాని బలం హరించుకుపోతుంది. 1990లో పదార్థ శాస్త్రవేత్త విలియం క్లెగ్ బృందం ఇదే ఉపాయాన్ని కొలిమి సరుకుకు పట్టించింది. సిలికాన్ కార్బైడు పలచని రేకులకు గ్రాఫైటు పూత పూసి, దొంతరగా పేర్చి కాల్చింది. ఆ దిమ్మను విరగ్గొట్టడానికి పట్టే శక్తి, పూత లేని అదే పదార్థానికి పట్టేదానికి నూరు రెట్లు దాటింది. మా కాస్టబుల్‌లో కనబడిన తిన్నని గీతకు, ఆ దొంతరలో మెట్లు మెట్లుగా విరిగే పగులుకు ఉన్న దూరమే కరపత్రానికి, నిజానికి ఉన్న దూరం.

దానికంటే లోతుగా, పరమాణువుల స్థాయిలోనే పొరలున్న సిరామిక్కులు కూడా ఉన్నాయి. వియన్నాలో 1967లోనే గుర్తించిన టైటానియం సిలికాన్ కార్బైడును, 1996లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో మిషెల్ బర్సూమ్, ఎల్‌రాఘీలు స్వచ్ఛమైన దిమ్మగా తయారుచేసి దాని గుణాలను బయటపెట్టారు. మ్యాక్స్ ఫేజులు అనే ఈ కుటుంబంలోని ఇలాంటి రకాలలో టైటానియం కార్బైడు పొరల నడుమ సిలికాన్ లేదా అల్యూమినియం పరమాణువుల వరస ఒకటి ఉంటుంది. దెబ్బ తగిలితే ఆ పొరలు పేకముక్కల కట్టలా మడతపడి సర్దుకుంటాయి. అందుకే దీన్ని మామూలు రంపంతో కోయవచ్చు, బాగా కాల్చి నీళ్ళలో ముంచినా ఇతర సిరామిక్కుల మాదిరిగా ఒక్కసారిగా చిట్లిపోదు. అల్యూమినియం ఉన్న రకాలలో పగులు వచ్చినా, గాలిలో ఎర్రగా కాలినప్పుడు ఆ పగులులోనే అల్యూమినా పెరిగి పూడ్చేస్తుంది. ఇవి చదివినప్పుడు బుడితి కొలిమికి ఇదే కదా కావలసింది అనుకున్నాను. అయితే వాటి పొడిని సాధారణంగా వేడిలోనే ఒత్తిడి పెట్టి దిమ్మ కట్టిస్తారు, టైటానియం ఖరీదు ఉండనే ఉంది. మూసకు ఆధారంగా పెట్టే చిన్న బిళ్ళ అయితే ఎప్పటికైనా కొనగలమేమో గాని గోడంతా కట్టించుకోవడం మా అంతటివారి పని కాదు.

కరపత్రంలోని 1260 డిగ్రీల అంకె గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది ఫైబర్ బ్లాంకెట్ తరగతిని తెలిపే అంకె మాత్రమే. ఆ వేడిలో 24 గంటలు ఉంచితే బ్లాంకెట్ కుంచించుకుపోవడం నిర్ణీత పరిమితిలో ఉంటుందని దాని అర్థం, రోజూ అంత వేడిలో వాడుకోవచ్చని కాదు. ఏళ్ళ తరబడి నిలవాలంటే నూరు, నూటయాభై డిగ్రీలు తగ్గించుకోవాలి. ఇత్తడి పోతకు 1000, 1050 డిగ్రీలు చాలు కనుక మాకు ఇబ్బంది లేదు. ఇత్తడిలోని జింకు విడిగా అయితే 907 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి 1050 దాటించి వేడిచేస్తే ఆ జింకు తెల్లపొగై పోతుంది. రాగి ఒక్కటే కరిగించే ఉద్దేశం ఉన్నవారు, రాగి 1085 దగ్గర గాని కరగదు కాబట్టి, ఇంకా పై తరగతి బ్లాంకెట్ అడగడం మంచిది. లోహం మీద చల్లే వెలిగారం కూడా గోడకు శత్రువే. అది ఎక్కడ చిందితే అక్కడ కాస్టబుల్ గాజులా కరిగి గుంట పడుతుంది. మా కొలిమి అడుగున అలాంటివి రెండున్నాయి, వాటిలో తప్పు పూర్తిగా మా చేతులదే.

మూతలో గట్టి పొర లేదు, బ్లాంకెట్‌నే మడతలు పెట్టి కూరారు. రంధ్రం అంచున మంట ఒరుసుకుని ఫైబరు పీచులు పీచులుగా లేస్తోంది. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పనిలా ఉంది, నాకు నచ్చలేదు. ఈ ఫైబరు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న వాటి జాబితాలో దీన్ని చేర్చారు. వెయ్యి డిగ్రీలకు పైన చాలాకాలం కాలిన ఫైబరులో క్రిస్టోబలైట్ అనే సిలికా స్ఫటికాలు పుడతాయి కనుక, కొత్త బ్లాంకెట్ కంటే పాతది ఊడదీసేటప్పుడే ముప్పు ఎక్కువ. మా కుర్రాళ్ళు మొదట్లో రాలిన పీచును చీపురుతో ఊడ్చేవారు. ఇప్పుడు మంచి మాస్కు పెట్టుకుని, నీళ్ళు చిలకరించి తడిగుడ్డతో ఎత్తుతున్నారు. అమ్మినవారు ఈ హెచ్చరికను డబ్బా మీద ఒక్క తెలుగు ముక్కలోనైనా రాసి ఉండవలసింది.

పగుళ్ళ ఫోటోలు పంపితే వారు పది రోజుల తర్వాత అయిదు కిలోల కాస్టబుల్ సంచి ఉచితంగా పంపారు, మనిషిని పంపలేదు. బీటను ఉలితో లోపలికి వెడల్పుగా చెక్కి, దుమ్ము ఊది, తడిపి, కొత్త కాస్టబుల్ కూరి, ఒక రోజు తడి గోనె కప్పి ఉంచాము. ఈసారి కొక్కేల కొనలకు మేమే కొవ్వొత్తి మైనం పూశాము. అతుకు వేసి మూడు నెలలవుతోంది, కూరిన చోట మళ్ళీ గీత కనబడలేదు, అంచుల వెంట వెంట్రుకవాసి సందు మాత్రం ఉంది. వానల్లో వారం పాటు వెలిగించకపోతే గోడ తేమ తాగుతోంది కనుక, మళ్ళీ మొదలుపెట్టే ముందు గంటసేపు సన్నమంట మీద ఉంచుతున్నాము. మూతకు మాత్రం శరీరంలో త్వరగా కరిగిపోయే రకం ఫైబర్ బ్లాంకెట్ 1200 డిగ్రీల తరగతిలో తెప్పించి, రంధ్రం చుట్టూ రెండంగుళాల కాస్టబుల్ వలయం పోయించాలని బావగారు పట్టుబట్టారు. దసరా పూజ అయ్యాక ఆ పని పెట్టుకున్నాము.